వెళ్ళేది ఉర్దూలో, వచ్చేది తెలుగులో

ఏలూరు,
3 నవంబరు 2024, ఆదివారం.

ఇందుమూలముగా తాడేపల్లిగూడెం కాపురస్తురాలు, బడి టీచరు, రెండు భాషల రచయిత్రి అయిన నా చెల్లెలు తస్లీమ్‌కి తెలియజేయునది ఏమనగా, నేటి నుంచి మా ఇంట్లో టీలో పంచదార నిషేధించడమైనది. ఉత్తర్వు మీ ఖాతూన్ వదినది, అమలు నా నాలుక మీద. నా ఎడమకాలి చెప్పుకు పదవీ విరమణ ఇచ్చి గూట్లో పెట్టడమైనది. కుడికాలి చెప్పు సర్వీసులో కొనసాగును. మా కోడి పక్కింటి వాకిట్లో గుడ్డు పెట్టినందున ఆ గుడ్డు ఎవరిదో తేలేవరకూ వాళ్ళు ఆమ్లెట్టు వేసుకోరాదు.

ప్రకటన అయిపోయింది. ఇక తిట్లు.

ఫోన్ ఎత్తవు. ఎత్తితే "క్లాసులో ఉన్నాను" అంటావు, ఆదివారం కూడా. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఫోనైతే కట్ చేస్తావు. కాగితాన్ని చింపాలన్నా ముందు చదివాకే చింపుతావు, నీ సంగతి నాకు తెలుసు.

నీ కూతురు సనా చెప్పింది, మీ ఆయన ఇంట్లోకి ట్రెడ్‌మిల్లు తెచ్చాడట. నువ్వు కాలవ గట్టుకి వెళ్ళడం మానేసి హాల్లో ఆ రబ్బరు పట్టీ మీద నడుస్తున్నావట. నేను ముప్ఫై ఏళ్ళుగా తివాచీల బొచ్చు కత్తెరతో సాపు చేస్తున్నవాణ్ణి. మేం నేసిన తివాచీ కదలకుండా పడుంటుంది, మనిషి దాని మీద నడిచి ఎక్కడికో వెళ్తాడు. మీ షాకిర్ కొన్న తివాచీ తనే పరుగెడుతుంది, మనిషి మాత్రం గోడ చూస్తూ అక్కడే ఉంటాడు. ఇంత తెలివి ఆ మోటార్లు చుట్టే కొట్లో కూర్చుంటే వచ్చిందా, పుట్టుకతో వచ్చిందా, అడిగి రాయి.

పదేళ్ళుగా తెల్లారితే గట్టు మీదే ఉండేదానివి. పాత వంతెన దాకా ఉర్దూలో, అక్కడినుంచి ఇంటిదాకా తెలుగులో, కథ పైకి చెప్పుకుంటూ నడిచేదానివి. అలాగే పదకొండు కథలు రాశావు. పన్నెండోది డిసెంబరు ఆఖరికి పంపకపోతే పుస్తకం వేసేవాళ్ళు వేరేవాళ్ళ పుస్తకం ఎత్తుకుంటారని నువ్వే చెప్పావు. ఇప్పుడు ఒక్క పేజీ కూడా కదలడం లేదని సనా ఏడుస్తోంది. మొగుడు వద్దంటే మానేస్తావా? ఏడో తరగతితో ఆపేసిన నాకున్న తెగువ, ఎం.ఏ. చదివిన నీకు లేదా?

సిగ్గులేదని షాకిర్‌కి చెప్పు. నా పేరు చెప్పే చెప్పు.

మీ అన్న,
లాల్ బాషా

*

తాడేపల్లిగూడెం,
8 నవంబరు 2024.

భాయ్,

సలాం. నీ ఉత్తరం షాకిర్ ఎదుటే పైకి చదివాను. ఆయన లేచి వెళ్ళి నీకోసం దాచిన కాకరకాయ పొడి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, "మీ అన్నయ్యకి షుగర్ కదా, పంపించు" అన్నారు. నువ్వు తిట్టిన మనిషి ఇలాంటివాడు.

నన్ను ఎవరూ వద్దనలేదు. నేనే మానేశాను. ఎందుకో నీకు నిజంగా తెలియదా, లేక నాటకమా?

ఆగస్టు ఆఖర్లో సనా ముచ్చటపడి, నేను గట్టు మీద నడుస్తూ చెప్పుకుంటుంటే వెనకనుంచి వీడియో తీసి నీకు పంపింది. నీకు మాత్రమే. నువ్వేం చేశావు? దాని కింద "గూడెంలో నడిచే రేడియో, ఒకే టికెట్టు మీద రెండు భాషలు, బ్యాటరీ ఎవరిదో తెలియదు" అని రాసి గ్రూపులో పెట్టావు. వారం తిరక్కుండా అది మా బడి తల్లిదండ్రుల గ్రూపులోకి వచ్చింది. ఆ మాటలు నీవి. పేరు లేకపోయినా నీ నోరు నేను పోల్చుకోలేనా?

అందరూ నవ్వితే పోనీలే అనుకునేదాన్ని. నవ్వలేదు. మన గోదావరి మర్యాద నీకు తెలుసుగా. ఆరో తరగతి పిల్ల తల్లి జ్ఞానప్రసూనాంబగారు గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "ఏవండీ మేడమ్ గారూ, ఒంట్లో కులాసాగానే ఉంటోందాండీ?" అని అడిగారు. హెడ్మాస్టరు గంగాధరరావుగారు కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చి, "కొన్నాళ్ళు గట్టు మీదకి వెళ్ళకపోతే మంచిదేమోనండీ, పిల్లలు చూస్తున్నారు కదండీ" అన్నారు. తిట్టినా ఇంత మండేది కాదు. మర్నాడు గట్టు ఎక్కాను. నోరు తెరవగానే వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా ఫోన్ పట్టుకుని ఉన్నారేమోనని. ఆ తర్వాత మాట రాలేదు. దిగి వచ్చేశాను.

అది చూసి షాకిర్ ఆ యంత్రం తెచ్చారు. ఇంట్లోనే నడువు, ఎంత గట్టిగా మాట్లాడుకున్నా నేనూ సనాయే వింటాం అన్నారు.

నీకు నడక అంటే కాళ్ళు కదలడం. నాకు అది కాదు. వెళ్ళేటప్పుడు ఉర్దూలో చెప్పుకుంటాను, అది అమ్మ మాట. అందులో ఎవరు ఏడ్చారో, ఎందుకు ఏడ్చారో తెలుస్తుంది. కనబడ్డవన్నీ పోగేస్తాను, సిగ్గు లేకుండా. వంతెన ఇనపకమ్మీ ముట్టుకుని తిరుగుతాను. వచ్చేటప్పుడు అదే కథ తెలుగులో చెప్పుకుంటాను, అది బడి మాట, పరాయివాళ్ళకు చెప్పే మాట. పదిలో ఆరు దారిలోనే రాలిపోతాయి. ఇంటికొచ్చేసరికి ఒక పేరా మిగులుతుంది. ఆ పేరా కోసమే నడుస్తాను.

యంత్రం మీద వంతెన లేదు భాయ్. తిరగడానికి చోటు లేదు. గడియారం చూసి ఇరవై నిమిషాలకు భాష మార్చి చూశాను. ఉర్దూ ఆగలేదు, తెలుగు రాలేదు. రెండు నెలలుగా పోగు పెరుగుతోంది, ఏదీ రాలడం లేదు.

నడక గురించి నాకు చెప్పకు. వీధి చివర కిళ్ళీ కొట్టుకి ఆటో ఎక్కేవాడివి నువ్వు. ఆ రేడియో మాట తాలూకు నవ్వు ఇక మా గుమ్మం దాకా రాకూడదు.

తస్లీమ్

*

ఏలూరు,
12 నవంబరు 2024.

మహారాజశ్రీ టీచరుగారికి,

గుమ్మం తొక్కవద్దన్నావు. మంచిది. అమ్మ పోయాక నాకు మిగిలిన గుమ్మం అదొక్కటే, దానికీ తాళం పడింది. ఖాతూన్ ఉత్తరం చదివి "అలా అనలేదయ్యా" అంటోంది. దానికి చదువు తక్కువ, నాకు బాగా అర్థమైంది.

నేను పెట్టింది మన ఇంటివాళ్ళ గ్రూపులో. పందొమ్మిదిమంది, అందులో నలుగురికి చత్వారం. దాన్ని గోడ దూకించినవాడు మన పినతండ్రి కొడుకు సమీర్. వాడి చెవి పట్టుకున్నాను. "అన్నా, బాగుందని పంపాను" అన్నాడు. బాగుందట. నేను రాసింది బాగుంటే తప్పు నాదా?

నిజం చెప్పనా, కోపం సమీర్ మీద కాదు. నీ మీదే. పదిమంది పలకరిస్తే గట్టు దిగిపోయేదానివి, పదేళ్ళుగా ఎలా ఎక్కావు? నన్ను ఊరంతా వెటకారం మనిషి అంటుంది. నేనెప్పుడైనా నోరు మూసుకున్నానా?

కిళ్ళీ కొట్టుకి ఆటో అన్నావుగా. రాసిపెట్టుకో. మీ ఊరి మీదుగా వచ్చే కాలవే మా ఊరికీ వస్తుంది. ఆ గట్టు పట్టుకుని ఏలూరు నుంచి గూడెం దాకా నడుస్తాను. రోజుకి కొంత, ఎవరింటి అరుగు దొరికితే ఆ అరుగు. రేపే బయలుదేరుతున్నాను. యాభై మూడేళ్ళవాణ్ణి ఎవరు ఎన్ని వీడియోలు తీస్తారో తియ్యనీ.

ఉత్తరం రాయాలనిపిస్తే భీమడోలు స్టేషన్ ఎదురుగా యోసేపు టీ కొట్టు అని రాయి. అక్కడ ఆగుతాను.

గుమ్మం లేని అన్న,
లాల్ బాషా

*

గుండుగొలను,
17 నవంబరు 2024.

తస్లీమ్‌కి,

ఇంకా కోపంగానే ఉన్నాను, ఆ సంగతి ముందు చెప్పి మొదలుపెడుతున్నాను.

ఈ కాలంలో గట్టు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా? కోత మిషన్లు దగ్గుతున్నాయి. కొల్లేటి చేపల లారీలు హైవే పొడుగునా ఐసు నీళ్ళు కార్చుకుంటూ పోతున్నాయి, వాటి వెనక పిల్లులు లేవు గానీ కాకులున్నాయి. గట్టు రోడ్డు మీద సగానికి ధాన్యం ఆరబోశారు. నేను ఆకాశంలో కొంగల్ని చూస్తూ ఆ ధాన్యంలో కాలు పెట్టాను. వీరరాఘవమ్మగారని ఒక పెద్దావిడ, గొడుగు కింద కూర్చుని కాపలా కాస్తోంది. "ఏవండీ, కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చారాండీ?" అంది, ఎంత మెత్తగా అంటే అది తిట్టు అని నాకు రెండు నిమిషాల తర్వాత తెలిసింది. చెప్పులో ఇరుక్కున్న గింజలు దులిపించుకుని, వాటిని మళ్ళీ కుప్పలో వేసుకుని, అప్పుడు చెంబుతో మజ్జిగ ఇచ్చింది.

ఇక్కడినుంచి నాకు తోడు దొరికింది. పేతురు అని, బాతులు మేపేవాడు. ఎనిమిది వందల బాతులు. కోసిన పొలాల్లో రాలిన గింజలు, నత్తలు తినిపించుకుంటూ కాలవ వెంట పైకి వెళ్తున్నాడు, ఉంగుటూరు దాకా. చేతిలో పొడుగాటి వెదురుకర్ర, కొసన నీలం ప్లాస్టిక్ కవరు. ముందు నడవడు, వెనకనుంచే తోలతాడు. ఎందుకని అడిగితే, "ముందు నడిస్తే ఎన్ని వస్తున్నాయో ఎలా తెలుస్తుందండీ" అన్నాడు. బాతులన్నీ ఒకేసారి రోడ్డు దాటవట. నాలుగు దాటి ఆగి చూస్తాయి. లారీ హారన్ కొడుతుంటే వాడు కర్ర అడ్డం పెట్టి నుంచున్నాడు. డ్రైవరు బూతులు తిట్టాడు. పేతురు చెయ్యెత్తి దణ్ణం పెట్టి, కర్ర మాత్రం తియ్యలేదు.

నీ గంగాధరరావుగారికి ఆ కర్ర ఒకటి చేయించి ఇవ్వాలి, ఎలా వాడాలో చెప్పను.

లాల్ బాషా

*

తాడేపల్లిగూడెం,
21 నవంబరు 2024.

భాయ్,

నీకు మతి పోయింది. ఖాతూన్ వదినకి ఫోన్ చేస్తే "నీ అన్న చెబితే వింటాడా" అని పెట్టేసింది. ఆవిడ గొంతులో కంగారు లేదు, అదే నాకు వింతగా ఉంది. షుగర్ మనిషివి, ఆగస్టులో పది రోజులు జ్వరమని మంచం పట్టినవాడివి, నన్ను చూడటానికి కూడా రావద్దన్నావు. ఇప్పుడు అరుగుల మీద పడుకుంటున్నావా? ఎక్కడున్నావో చెబితే షాకిర్ బండి వేసుకుని వస్తానంటున్నారు.

గుమ్మం తొక్కవద్దని నేను రాయలేదు. నీ నవ్వు రాకూడదన్నాను. నువ్వు రాకూడదనలేదు. ఉత్తరం మళ్ళీ చదువు. నీకు తిట్టు కావాలి, ఎక్కడ లేకపోతే అక్కడ వెతుక్కుంటావు.

ఇంకో మాట. నీ గుండుగొలను ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒళ్ళు మండింది. వీరరాఘవమ్మగారు నాకు దొరకాల్సిన మనిషి. నీలం కవరు, చెప్పులో గింజలు, నాలుగు దాటి ఆగిన బాతులు. ఇవి కూర్చున్నవాడికి తట్టవు. ఎన్నో ఏళ్ళు నడిస్తే గానీ నాకు పట్టుబడనిది నువ్వు నాలుగు రోజుల్లో ఎలా పట్టావు? అసూయతో రాత్రి అన్నం సయించలేదు.

ఒకటే అర్థం కాలేదు. నీ కాళ్ళ నొప్పుల గురించి ఒక్క ముక్క లేదు. చీమ కుడితే వీధంతా డప్పు వేసేవాడివి. నడిచేవాడికి ముందు తెలిసేది కాళ్ళే.

యంత్రం మీద ఇప్పుడు సనా బట్టలు ఆరేస్తోంది. కథ కదల్లేదు. నలభై రోజులే ఉంది. పుస్తకంవాళ్ళు నిన్న ఫోన్ చేశారు, ఇవ్వలేనంటే ఇప్పుడే చెప్పమన్నారు. ఈ నెల ముప్ఫై, శనివారం దాకా గడువు అడిగాను, ఇవ్వలేనని చెప్పడానికి.

వెనక్కి వెళ్ళు. బస్సెక్కి వెళ్ళు.

తస్లీమ్

*

భీమడోలు,
24 నవంబరు 2024.

తస్లీమ్‌కి,

యోసేపు నీ ఉత్తరం నా చేతిలో పెడుతూ, "టీ తాగి చదవండి, కవరే వేడిగా ఉందండీ" అన్నాడు.

షాకిర్ బండి వేసుకుని వస్తే కాలవలో దూకుతాను. నాకు ఈత రాదని అతనికి తెలుసు. నా కాళ్ళ సంగతి నాకు వదిలెయ్యి. నొప్పి గురించి రాస్తే నొప్పి రాశానంటావు, రాయకపోతే ఎందుకు రాయలేదంటావు. టీచర్లతో ఇదే చావు.

శనివారం నాడు ఇవ్వలేనని చెబితే నువ్వు నా చెల్లెలివి కావు. ఇది వెటకారం కాదు.

పేతురు గురించి విను. వాడికి రెండు భాషలు. మనుషులతో మాట్లాడేది తెలుగు. బాతులతో మాట్లాడేది నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, వాళ్ళ తాత దగ్గర నేర్చుకున్నాడట. పొద్దున నీళ్ళలోకి దింపేటప్పుడు ఒక కూత, సాయంత్రం వలకంచె లోపలికి రప్పించేటప్పుడు ఇంకో కూత. కూత మార్చగానే ఎనిమిది వందల మెడలు ఒక్కసారి తిరుగుతాయి. నీ వంతెన నాకు అప్పుడు అర్థమైంది. దారిలో నలుగురు కుర్రాళ్ళు బైకు ఆపి, వాడు కూస్తుంటే నవ్వారు. నీకు కోపం రాదా అని అడిగాను. "నేను ఆపితే బాతులు ఆగిపోతాయండీ. వాళ్ళ నవ్వు చూసుకుంటూ కూర్చుంటే నా పని ఎవరు చేస్తారండీ?" అన్నాడు. నేను సోడా తాగుతున్నాను, పొలమారింది.

ఇప్పుడు ఆజ్ఞ. డిసెంబరు ఒకటి, ఆదివారం. నేను ఉంగుటూరు వస్తాను, ఊళ్ళోకి వెళ్ళే కాలవ వంతెన దగ్గరికి. నువ్వు గూడెం నుంచి గట్టు మీద నడిచి రావాలి. ఓ పది పన్నెండు కిలోమీటర్లు. బస్సు వద్దు, ఆటో వద్దు, షాకిర్ వద్దు. నోరు మూసుకుని రావద్దు, చెప్పుకుంటూ రా, ఉర్దూలో, గట్టిగా. శనివారం ఫోన్ వస్తే సోమవారం చెబుతానను. ఆదివారం నువ్వు రాకపోతే నేను అక్కడినుంచే వెనక్కి తిరుగుతాను, ఇక ఉత్తరమూ ఉండదు, ఫోనూ ఉండదు.

ఏలూరు నుంచి ఇంత దూరం వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపుతావో లేదో నీ ఇష్టం.

లాల్ బాషా

*

ఏలూరు,
29 నవంబరు 2024, శుక్రవారం.
(పేతురు చేతికి)

తస్లీమ్,

ఈ కాగితం నీ చేతిలో ఉందంటే నువ్వు ఉంగుటూరు వంతెన దగ్గర ఉన్నావు. నడిచే వచ్చావు. ఆటో దిగితే ఇవ్వవద్దని పేతురుకి చెప్పాను, వాడు బాతుల్ని లెక్కపెట్టినంత గట్టిగా చూసుకుంటాడు. ముందు చెట్టు నీడన కూర్చో. నీళ్ళు తాగు. చుట్టూ చూడకు, నేను అక్కడ లేను.

పైన ఊరి పేరు చూశావా? సరే.

ఆగస్టులో నాకొచ్చింది జ్వరం కాదు. ఎడమకాలికి పుండు పడితే వారం రోజులు చెప్పు కరిచిందని అందరికీ చెప్పాను. చివరికి రెండు వేళ్ళు తీసేశారు. ఖాతూన్‌తో ఒట్టు వేయించుకున్నాను, నీకు చెప్పవద్దని. చెబితే నువ్వు గట్టు మానేసి నా మంచం పక్కన కూర్చుంటావు. అది ఆపబోయి నేనే గట్టు మాన్పించాను చూడు, ఇంత పనిమంతుణ్ణి.

సనా వీడియో వచ్చింది ఆ మంచం మీదే. కట్టు విప్పి చూపించిన రోజు. నువ్వు చేతులు ఊపుకుంటూ, నీలో నువ్వే నవ్వుకుంటూ నడుస్తున్నావు. నాకు కళ్ళు మండాయి. నా చెల్లెలు నడుస్తోంది, నేను ఇక బాత్రూముకి గోడ పట్టుకుని వెళ్ళాలి. ఆ మంటనే నవ్వు చేసి కింద రాశాను. సమీర్ తప్పు కాదు, షాకిర్ తప్పు కాదు, మీ గేటు దగ్గరి జ్ఞానప్రసూనాంబగారి తప్పు కూడా సగమే. నాది. ఈ మాట ఎదురుగా నేను అనలేను, అందుకే అక్కడ లేను.

షాకిర్‌ని తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, ట్రెడ్‌మిల్లు మీదివి తప్ప.

పేతురుకి ఒక టీ ఇప్పించు. వాడికి నువ్వు ఎవరో తెలుసు. "చెప్పుకుంటూ వచ్చే మేడమ్ గారు వస్తారు" అంటే, "దూరంనుంచే వినబడతారు కదండీ, పోల్చుకుంటాను" అన్నాడు.

ఇప్పుడు నీకు కోపం వస్తోంది. రానీ. బస్సెక్కి పాడు చెయ్యకు. రెండున్నర నెలల పోగు, ఈ పన్నెండు కిలోమీటర్ల ఉర్దూ, పైన నా మీద కోపం, మొత్తం మోసుకుని వెనక్కి తిరుగు. ఆ వంతెనకీ కమ్మీ ఉంటుంది, ముట్టుకో. తెలుగులో తిట్టుకుంటూ వెళ్ళు. ఎన్ని తిట్లు దారిలో రాలతాయో, ఇంటికి ఏ పేరా చేరుతుందో, అది నీ పన్నెండో కథ. అందులో నన్ను పెట్టినా ఒప్పుకుంటాను, వేళ్ళు మాత్రం పది ఉంచు.

గుడ్డు వ్యవహారం తేలింది, పక్కింటివాళ్ళు ఎప్పుడో తినేశారు.

ఒక్కటి మిగిలింది. కొంగలు నిజం, చేపల లారీలు నిజం. వీరరాఘవమ్మగారు ధాన్యం తొక్కినందుకు అడిగింది పేతురుని, మజ్జిగ తాగిందీ పేతురే. నేను మూడుసార్లు ఏలూరులో బస్సెక్కి, వాడు చెప్పిన చోట దిగి, రోడ్డు పక్క బల్ల మీద కాలు చాపుకుని, వాడు చూసినదంతా అడిగి అడిగి రాశాను. కూర్చున్నవాడికి తట్టవన్నావు, నిజమే, నాకు తట్టలేదు. చెప్పులో గింజలు వాడివి. కర్ర వాడిది. గుండుగొలను నుంచి భీమడోలు, అక్కడినుంచి నువ్వు నుంచున్న చోటు దాకా పడిన అడుగులన్నీ వాడివే.

నేను ఏలూరు నుంచి నడిచి వచ్చాననేది మాత్రం మొదటి నుంచీ కట్టుకథ. ఒక్క అడుగు కూడా నడవలేదు.

లాల్ బాషా